కవర్ రాలేదు

ఆ ఆట పేరు ఫుట్‌బాల్. పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, అందులో కాలికి పని తక్కువ, చేతికి ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయలా రెండు వైపులా మొనదేలి ఉంటుంది. ఆడేది అమెరికాలో కాలేజీ పిల్లలు, అదీ శనివారాలు. వాళ్ళు ఆడి, అలిసి, పడుకుని లేచేలోపు అందులో ఎవడు ఎక్కడ తప్పు చేశాడో తేల్చేది మాత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక టవర్లో ఆరో అంతస్తు. అక్కడ ముప్పైమంది పనిచేస్తారు. ఇరవై ఎనిమిదిమంది ఆ ఆటను మైదానంలో చూసి ఎరుగరు. మిగతా ఇద్దరూ చూశామని కోతలు కోస్తారు.

పని పైకి తేలికే. వీడియో ముక్కలు వస్తాయి, ఒక్కోటి ఆరేడు సెకన్లు. ముక్క చూడాలి, పక్కనున్న గడులు నింపాలి. బంతి విసిరింది ఎవరు, పట్టింది ఎవరు, పట్టకుండా కాపు కాయాల్సింది ఎవరు. ఆఖరి గడి పేరు ‘తప్పెవరిది’. అందులో ఒక చొక్కా నంబరు పడాలి. ఆ నంబర్లన్నీ మంగళవారానికల్లా అక్కడి కోచ్ చేతికి చేరతాయి. వచ్చే శనివారం ఎవడు మైదానంలోకి దిగాలో, ఎవడు బెంచీ మీద కూర్చోవాలో ఆయన ఆ పట్టీ చూసే తేలుస్తాడు. ఏడు సముద్రాల అవతల ఒక పిల్లవాడి రాత ఇక్కడ చాయ్ తాగుతూ రాసేస్తారన్నమాట.

శ్రావణికి అక్కడ మూడో ఏడు నడుస్తోంది. ఇప్పుడామె ముక్కలు నింపే మనిషి కాదు, చెకర్. ఒక్కో ముక్కను ఇద్దరేసి మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు చూసి నింపుతారు. ఇద్దరి మాటా ఒకటైతే సరే. వేరైతే ఆ ముక్క శ్రావణి ముందుకొస్తుంది. ఆమె ఖాయం చేసిందే ఒప్పు, రెండోది తప్పు. తప్పు రాసినవాళ్ళ పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆరు నెలల్లో మూడు చుక్కలు పడితే ఇక ఇంటిదారే.

రమ్యకు అప్పటికే రెండు పడ్డాయి. ఆరు నెలలు నిండేది ఆ శుక్రవారం.

రమ్యది, శ్రావణిది అనంతపురం జిల్లాలో ఒకే ఊరు. ఒకే డిగ్రీ కాలేజీ, ఒకే కబడ్డీ జట్టు. ఇప్పుడు కొండాపూర్‌లో ఒకే హాస్టల్లో ఒకే గది. రమ్యకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా శ్రావణే. మేనేజరు భీమేశ్వరరావు గారి చుట్టూ నెలరోజులు తిరిగి మరీ ఇప్పించింది. ఎంత స్నేహమో చూడండని అందరూ మెచ్చుకున్నారు. అంత మెచ్చుకోవాల్సిందేం లేదని శ్రావణికి ఒక్కతెకే తెలుసు.

రమ్యకు పడ్డ మొదటి చుక్క కథ వింటే ఏడవాలో నవ్వాలో తెలియదు. ఆ ఆటలో మైదానం అంచున నిలబడి, బంతి కోసం పరిగెత్తేవాడి వెంటపడేవాణ్ణి ‘కార్నర్’ అంటారు. కబడ్డీలోనూ అంచున నిలబడి, కూతకొచ్చినవాళ్ళ కాలు పట్టేవాళ్ళు కార్నరే. రమ్య నాలుగేళ్ళు కార్నర్ ఆడింది. కబడ్డీలో కార్నర్ పక్కన నిలబడి, కార్నర్ కాలు పట్టగానే పైనుంచి వచ్చి పడే మనిషిని ‘కవర్’ అంటారు. ఆ కవర్ శ్రావణి. ఇక్కడి గడుల్లో ఒకదాని పేరు కూడా ‘కవర్’. అందులో రాయాల్సింది మనిషి పేరు కాదు, జట్టంతా కలిసి ఏ తీరున కాపు కాస్తోందన్నది. పాపం, రమ్య మొదటిరోజు నలభై ముక్కల్లోనూ ఆ గడి నిండా చొక్కా నంబర్లు వేసి కూర్చుంది. అమెరికా వాళ్ళ జట్టులో కవర్ ఎవరో వెతికి వెతికి పట్టుకుంది. ఆరో అంతస్తంతా పగలబడి నవ్వింది. రమ్య కూడా నవ్వింది. చుక్క మాత్రం పడనే పడింది.

రెండో చుక్కలో విశేషం లేదు. ఆరును ఎనిమిదిగా చదివింది. అది ఎవరికైనా జరిగేదే.

ఇక ఆ సోమవారం పొద్దున శ్రావణి ముందుకొచ్చిన ముక్క ఇది. బంతి పట్టాల్సినవాడు అంచు వెంట పరుగు తీశాడు. వాడి వెంట కార్నర్, ఇరవైనాలుగో నంబరు. బంతి ఇద్దరి నెత్తి మీదుగా పోయి ముందువాడి చేతుల్లో పడింది, వాడు పాయింట్ల గీత దాటేశాడు. ఇరవైనాలుగు రెండడుగుల వెనక బోర్లా పడి ఉన్నాడు. అంతే. విశాఖపట్నం కుర్రవాడు రోహిత్ తప్పు ఇరవైనాలుగుదని రాశాడు. రమ్య తొమ్మిదిదని రాసింది. తొమ్మిది ఎవడంటే సేఫ్టీ, అంటే అందరికంటే వెనక నిలబడి, ముందువాళ్ళను దాటి వచ్చినదాన్ని ఆపాల్సినవాడు. బంతి పడ్డప్పుడు వాడు ఆ ఛాయల్లోనే లేడు. కింద రిమార్కుల్లో రమ్య తనకొచ్చిన ఇంగ్లీషులో రాసింది: కవర్ రాలేదు.

రూలు ఏమంటుందంటే, బంతి అందిన క్షణంలో ఎవడు దగ్గరుంటే తప్పు వాడిదే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, దూరంగా ఉన్నవాడు బతికిపోతాడు, వెంటపడి పరిగెత్తినవాడు దొరికిపోతాడు. వేరే రుజువుంటే చెకర్ మార్చవచ్చు. కానీ సోమవారం నాలుగింటి మీటింగులో పెద్ద తెర మీద అందరికీ చూపించి, ఒప్పించి మార్చాలి.

పదకొండింటికి భీమేశ్వరరావు గారు శ్రావణి సీటు దగ్గరికి వచ్చారు. కాకినాడ మనిషి, మాట మెత్తన, మనసూ మెత్తనే. రమ్య పిల్ల మంచిదనీ, ఈ చుక్క పడితే తనకూ కష్టంగానే ఉంటుందనీ, అయినా రూలు రూలేననీ, దగ్గరున్నది ఇరవైనాలుగే కాబట్టి చూసి ముగించెయ్యమనీ చెప్పారు. స్నేహితురాలని మొహమాటపడితే రేపు మిగతా అందరికీ సమాధానం చెప్పుకోవాలని కూడా అన్నారు. ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఆయన వెళ్ళాక శ్రావణి ముక్కను మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

మూడోసారికి రమ్య చూసిందేమిటో ఆమెకూ కనపడింది.

కార్నర్ వెంటపడడానికి రెండు పద్ధతులున్నాయి. తన వెనక ఎవరూ లేకపోతే పరిగెత్తేవాడికీ గీతకూ మధ్య ఉండాలి. బంతి ముందు పడితే పడనీ, నెత్తి మీదుగా పోనివ్వకూడదు. వెనక సేఫ్టీ ఉన్నాడని తెలిస్తే మాత్రం పరిగెత్తేవాడి కిందికి, అంటే బంతి వచ్చే వైపుకు, మైదానం లోపలి వైపుకు, నడుముకు జానెడు దూరంలో అంటిపెట్టుకుపోవాలి. ముందు పడే బంతులన్నీ తనవి. నెత్తి మీదుగా పోయేది వెనకవాడి పూచీ. ఇరవైనాలుగు కిందే ఉన్నాడు. కళ్ళు బంతి మీద లేవు, పరిగెత్తేవాడి మొహం మీద లేవు, అచ్చంగా నడుము మీదున్నాయి. ధర్మవరం మైదానంలో వాళ్ళకు కబడ్డీ నేర్పిన పి.ఇ.టి. రామాంజనేయులు సారు గొంతు చించుకుని చెప్పిన పాఠం అదే. కూతకొచ్చినవాళ్ళ కళ్ళు అబద్ధం చెబుతాయి, భుజం అబద్ధం చెబుతుంది, నడుము చెప్పదు. ఆ పిల్లవాడు పాఠం తు.చ. తప్పకుండా ఆడాడు. వెనక మనిషి ఉన్నాడని నమ్మాడు కాబట్టే కింద ఉన్నాడు.

ఎందుకు నమ్మాడో కూడా కనపడింది. ఆట మొదలు కావడానికి ముందు, తొమ్మిది ఇరవైనాలుగు వైపు తిరిగి తన తొడ మీద రెండుసార్లు చరిచాడు. ఇరవైనాలుగు తలూపాడు. తర్వాత బంతి లేచే వేళకు తొమ్మిది రెండడుగులు ముందుకేసి, నడిమధ్య ఏదో చూస్తూ నిలబడిపోయాడు. ఎందుకు నిలబడ్డాడో వాడికే తెలియాలి.

రెండుసార్లు. శ్రావణి చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ చూడడం లేదు కదా అని చుట్టూ చూసుకుంది.

నాలుగేళ్ళ కిందట కర్నూలులో ఫైనల్. గెలిచిన జట్టులోంచి రాష్ట్ర జట్టుకు తీసుకుంటారు, రాష్ట్ర జట్టులో ఆడితే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం. రమ్యకు ఆ ఉద్యోగం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. మూడు నిమిషాల ఆట మిగిలింది. వీళ్ళ వైపు నలుగురే ఉన్నారు, ఇద్దరేసి చేతులు పట్టుకుని. రమ్య చెయ్యి శ్రావణి చేతిలో ఉంది. వాళ్ళిద్దరి మధ్య ఒక గుర్తు ఉండేది. ఒకసారి నొక్కితే ఆగు. రెండుసార్లు నొక్కితే పో, నేనొస్తాను.

అవతలినుంచి కూతకొచ్చిన పిల్ల పొడగరి, ఒంట్లో బలం ఉన్న మనిషి. శ్రావణి రెండుసార్లు నొక్కింది. నొక్కడమే ఆలస్యం, రమ్య ఆ పిల్ల కాలు మీద పడింది. పట్టు చక్కగా కుదిరింది. శ్రావణి ఒక్క అడుగు వేసి మీద పడితే అయిపోయేది. కానీ అంతకు రెండు వారాల ముందే ప్రాక్టీసులో ఒకమ్మాయి మడమ తగిలి ఆమెకు రెండు పళ్ళు కదిలాయి. ఎదురుగా ఆ పిల్ల రెండో మోకాలు గాల్లోకి లేవడం చూసింది, కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఒక్క క్షణం, అంతకంటే లేదు. ఆ క్షణంలో ఆ పిల్ల రమ్యను నడిగీతదాకా ఈడ్చుకుపోయింది. రమ్య మోకాలు మెలిపడిన చప్పుడు శ్రావణికి వినపడింది.

భయపడడం తప్పు కాదు. భయం ఎవరిని అడిగి వస్తుంది? తప్పంతా ఆ తర్వాతే జరిగింది. ఆట పోయాక సారు మైదానం బయట నిలబడి, ఎవరు పొమ్మన్నారని అరిచారు. శ్రావణిని చూసి, నువ్వు చెయ్యి నొక్కినావా అని అడిగారు. శ్రావణి నోటెంట ఒక మాట వచ్చింది. నేను నొక్కలేదు సార్. అక్కడే బల్ల మీద మోకాలికి ఐసుగడ్డలు కట్టించుకుని పడుకున్న రమ్య తలెత్తి చూసింది. తర్వాత తనే, నొక్కినట్టు అనిపించింది సార్, తొందరపడింది నేనే అంది.

అంతటితో మోకాలు పోయింది, ఆట పోయింది, పోలీసు ఉద్యోగం పోయింది. మిగిలింది ‘తొందర రమ్య’ అన్న పేరు. ఊళ్ళో, కాలేజీలో, చివరికి ఇంట్లో వాళ్ళ అమ్మ అనసూయమ్మ కూడా పాలు పొంగితే, గ్లాసు జారితే, అదంతేలే, తొందర మనిషి అనేది. అనగా అనగా రమ్య కూడా నమ్మేసింది. ఇప్పుడు ఏ ముక్కనైనా మూడుసార్లు చూసి గానీ గడి నింపదు.

మధ్యాహ్నం ఇద్దరూ మెట్రో పిల్లర్ దగ్గర జయమ్మ బండి కాడికి చాయ్‌కి దిగారు. జయమ్మ గాజుగ్లాసులు చేతికిస్తూ శ్రావణి మొహం చూసి ఊరుకోలేదు.

“ఏంది బిడ్డా, గిట్ల పరేషాన్ ఉన్నవ్? జర చాయ్ తాగు, అన్ని అవే సర్దుకుంటయ్.”

చాయ్‌తో సర్దుకునే సంగతైతే నాలుగేళ్ళలో ఎన్ని చాయ్‌లు తాగలేదు! శ్రావణి గ్లాసు పట్టుకుని కూర్చుంది. రమ్య కుడికాలు చాపుకుని ఎత్తు అరుగు మీద కూర్చుంది. ఆ మోకాలు ఎక్కువసేపు మడిస్తే పట్టేస్తుంది. ముక్క సంగతి శ్రావణి ఎత్తలేదు, రమ్యే ఎత్తింది.

“చూడుమే, నా కోసమని నువ్వు మార్చొద్దు. ఎర్ర చుక్క పడితే పడనీ. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు. కానీ ఒక్కసారి ఆ పిల్లోన్ని చూడు. పాఠం ప్రకారమే ఆడినాడు. ఇప్పుడు మనమంతా చేరి తప్పు నీదే అంటే, వాడు కూడా నిజమేనేమో అనుకుంటాడు.”

రమ్య చాయ్ ఊదుకుంటూ, చిన్నగా నవ్వుతూ ఇంకో మాట అంది.

“నాది వేరేలే. నాది నిజంగానే తొందర.”

శ్రావణి ఆ నవ్వు చూసి గ్లాసు కింద పెట్టేసింది. తిట్టినా బాగుండేది. అనుమానించినా బాగుండేది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల తప్పు తనమీద వేసుకుని, దాన్ని మడతపెట్టి పెట్టెలో దాచుకున్నట్టు దాచుకుంది. ఉద్యోగం ఇప్పించి, గది అద్దెలో సగం పెట్టి, మెట్లెక్కేటప్పుడు సంచీ అందుకుని, ఇవన్నీ చేసి శ్రావణి ఒక్క మాట చెప్పకుండా తప్పించుకుంటూ వచ్చింది. ఆ మాట చెబితే రమ్య ఇక మొహం చూడదని భయం. ఆ రోజు మోకాలు చూసిన భయం లాంటిదే, ఇదీ కాళ్ళను నేలకు అతికించేదే.

నాలుగింటికి మీటింగు గదిలో అందరూ చేరారు. ముక్క తెర మీదికొచ్చింది. శ్రావణి లేచి నిలబడి, తాను రోహిత్ మాట కొట్టేసి రమ్య మాట ఖాయం చేస్తున్నానని చెప్పింది. గదిలో చూపులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఎంతైనా ఒకే ఊరివాళ్ళు కదా అని ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం లేకుండా అందరికీ వినపడింది. శ్రావణి వీడియో ఆపి ఆపి చూపించింది. ఇరవైనాలుగు కింద ఉండడం, లోపలి వైపు ఉండడం, ఆటకు ముందు తొమ్మిది తొడ మీద రెండుసార్లు చరచడం, ఇరవైనాలుగు తలూపడం.

భీమేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకుని ఓపికగా విన్నారు. విని, నెమ్మదిగా అడిగారు.

“తొడ చరుచుకోవడం గుర్తేనని మీరెలా చెబుతారండీ? దోమ కుట్టి ఉండచ్చు. ఊరికే అలవాటై ఉండచ్చు. వాడు మాటిచ్చి రాలేదని మీకెలా తెలుసమ్మా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రావణి రమ్య వైపు చూసింది. రమ్య తల అడ్డంగా ఊపింది, వద్దులే, వదిలెయ్యి అన్నట్టు. అంతదాకా గొంతులో ఉన్న ఇంగ్లీషు, ఆఫీసు మాటలు శ్రావణికి ఒక్కసారిగా ఎటో పోయాయి.

“ఎందుకంటే సార్, అట్ల మాటిచ్చి రాకుండా నిలబడిపోయినదాన్ని నేను.” ఆమె ఇక ఆయన వైపు చూడలేదు. “రమ్యా, కర్నూలులో నేను నీ చెయ్యి నొక్కితి. రెండుసార్లు నొక్కితి. నాకు భయమై రాలేదు. సార్‌కు అబద్ధం చెప్పినా. నువ్వు తొందరపడలేదు మే. నువ్వు ఎప్పుడూ తొందరపడలేదు.”

రమ్య ముఖంలో కోపం రాలేదు, ఏడుపు రాలేదు. తన కుడి అరచేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి ఆ రోజు ఆమెకు నిజమే చెప్పింది. నాలుగేళ్ళు ఆమె దాని మాట నమ్మలేదు.

భీమేశ్వరరావు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడిచారు.

“అమ్మా, మీరు చెప్పింది నేను కాదనను. కానీ అది మీ కబడ్డీ. ఈ గడిలో రాయడానికి రుజువు కాదు కదండీ,” అని, రోహిత్ వైపు తిరిగారు. “ఒక పని చెయ్యి బాబూ. ఇదే మ్యాచ్‌లో ఈ తొమ్మిది తొడ చరిచిన ముక్కలు ఇంకెన్ని ఉన్నాయో తియ్యి. చరచనివీ తియ్యి.”

రోహిత్ తీశాడు. మొత్తం పదకొండు ముక్కలు. చరిచినవి ఆరు. ఆ ఆరింటిలోనూ ఇరవైనాలుగు కింద, లోపలి వైపు ఉన్నాడు. అయిదింటిలో తొమ్మిది వెనకనుంచి పరిగెత్తుకొచ్చి కాపుకు చేరాడు. చరచని అయిదింటిలో ఇరవైనాలుగు ఒక్కసారి కూడా కిందికి వెళ్ళలేదు, పరిగెత్తేవాడికీ గీతకూ మధ్యే ఉన్నాడు. ఇంక దోమ మాట ఎవరూ ఎత్తలేదు. ఆరింటిలో అయిదుసార్లు వచ్చినవాడు ఒక్కసారి రాలేదు, బంతి ఆ ఒక్కసారే వచ్చింది. అందరికంటే ముందు రోహితే, నాదే తప్పండి, నేను చివరి సెకను తప్ప చూడలేదు అన్నాడు. మంచి పిల్లవాడు. అతని ఉద్యోగం ఎప్పుడో ఖాయమైంది, ఒక చుక్క పడితే పోయేదేమీ లేదు.

‘తప్పెవరిది’ గడిలో తొమ్మిది పడింది. రమ్య పేరు పక్కన చుక్క పడలేదు. రిమార్కుల్లో ‘కవర్’ అన్న మాట ‘సేఫ్టీ’ అని మార్చాలి కదా అని శ్రావణి అడిగింది. భీమేశ్వరరావు గారు ఒక్క క్షణం ఆలోచించి, ఉండనివ్వండి, వాళ్ళకర్థమవుతుంది అన్నారు. శుక్రవారం రమ్య చేతికి ఉద్యోగం ఖాయమైన కాగితం వస్తుందని కూడా అప్పుడే చెప్పేశారు. రమ్య లేచి ఆయనకు దండం పెట్టింది. శ్రావణి వైపు చూడలేదు.

ఆరింటికి ఇద్దరూ కిందికి దిగారు. విడివిడిగా దిగారు, ఒకే లిఫ్టులో. జయమ్మ బండి దాటారు, ఆమె పలకరిస్తే ఇద్దరూ తలూపారు. కొండాపూర్ షేర్ ఆటోలో వెనక సీట్లో నలుగురిని కుక్కారు. రమ్యకు కాలు చాపుకోవడానికి అంచు వదిలి శ్రావణి ఇరుక్కుని కూర్చుంది. ట్రాఫిక్ కదలడం లేదు. హారన్లు, దుమ్ము, పక్కనామె ఫోన్లో కూర వండమని ఎవరికో చెప్పడం. శ్రావణి రోడ్డు చూస్తోంది గానీ ఏమీ కనపడడం లేదు, కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఏడిస్తే రమ్య ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టింది. ఓదార్చుకోవాల్సిన మనిషి తాను కాదని ఆమెకు తెలుసు.

బొటానికల్ గార్డెన్ సిగ్నల్ దగ్గర రమ్య మొదటిసారి నోరు విప్పింది.

“రెండుసార్లా?”

“రెండుసార్లే.”

ఆటో రెండుసార్లు కదిలి రెండుసార్లు ఆగింది.

“ఆ పొద్దు నాకు తెలుసు. బల్ల మీద పడుకున్నప్పుడు కూడా తెలుసు. నువ్వు లేదంటివి. నువ్వు అబద్ధం చెప్తావని అనుకోవడం కంటే నేనే తొందరపడినా అనుకోవడం నాకు సులభమైంది మే.” మోకాలు సర్దుకుని కూర్చుంది. “రామాంజనేయులు సార్‌కు నువ్వే ఫోన్ చేసి చెప్పల్ల. మా అమ్మకు కూడా నువ్వే చెప్పల్ల.”

చెప్తానంది శ్రావణి. రేపే చెప్తానంది. ఆ పైన ఆగలేక, ఇన్నాళ్ళూ అడగడానికి భయపడిందీ అడిగేసింది, తనను క్షమిస్తావా అని. ఆటో గోలలో ఆ మాట రమ్యకు వినపడిందో లేదో తెలియలేదు. రమ్య బయటికే చూస్తోంది.

కాసేపటికి శ్రావణి చేతి మీద ఒక చెయ్యి పడింది. వేళ్ళ మధ్యకు వేళ్ళు జొనిపి, కబడ్డీ కోర్టులో పట్టుకున్నట్టే పట్టుకుంది.

రమ్య ఒకసారి నొక్కింది.

రెండోసారి కోసం శ్రావణి కొండాపూర్ వచ్చేదాకా చూసింది. నొక్కలేదు. కానీ చెయ్యి తీసుకోలేదు కూడా. ఆటో ఆగాక ఇద్దరూ దిగి, చిల్లర ఇచ్చి, హాస్టల్ వైపు నడిచారు.